మేనేజర్ సారుకు శాలువా

కాదమ్మా, నన్నడుగుతరేంది? నాకు కంప్యూటర్ల బొమ్మలు చూసుడు వస్తది గానీ, తెలుగుల రాసుడు యాడ వస్తది? నిన్న అదే మొత్తుకున్న. వినేటోడుంటే గద! "నువ్వు గాక ఇంకెవరు రాస్తరు రేణుకా, ఊర్ల సారు మీద అంత కడుపుమంట ఎవరికున్నది" అంటడు సతీష్ సారు.

సారంట, సారు! ఇదే మీ వాకిట్ల చినిగిన బనీను మీద బంతి తన్నుకుంట తిరిగిన సతీషే గద. ఇప్పుడు స్కూలు పెట్టిండు, బస్సులు కొన్నడు, మెడకు టై కట్టిండు. నేను ఆయన స్కూల్ల ఆటల టీచర్ని. అంటే ఆయన పెట్టే జీతం తినేదాన్ని. సారు అనకుంటే ఎట్ల?

లెవ్వకు, లెవ్వకు. చాయ్ వద్దు. నువ్వు పల్లికాయలు ఒలుసుకో. నేను గీ అరుగు మీద కూసుంట. ఆ చాట జర ఇటు జరుపు, నేను గూడ ఒలుస్త. చేతులు ఊకె ఉంటే నా నోరు ఇంకా లేస్తది.

మహమూద్ సారు లోపల్నే ఉన్నడా? ఆఁ, వినొస్తుంది. కంప్యూటర్ మీద టకటక టకటక. అగో, నవ్వుతుండు చూడు. మనిషి ఒక్కడే రూముల, నవ్వేమో మందిల కూసున్నట్టు.

నవ్వడా మరి? ఎన్ని పొగడ్తలమ్మా! ఇంటర్నెట్ సెంటర్ల పైసలిచ్చి మరీ చదివిన నేను. ఆర్కుట్టంట. అండ్ల ఒక గుంపు పెట్టిన్రు, 'మహమూద్ సార్ మన మేనేజర్' అని. గద్వాల టౌను ఫుట్‌బాల్ టీముల ఆడినోళ్లంత అండ్లనే ఉన్నరు. దుబాయిల ఏసీలు బాగుచేసేటోడు, హైదరాబాద్‌ల బ్యాంకోడు, అయిజల ఎరువుల దుకాణమోడు. సార్ మా తండ్రి అంటడొకడు. సార్ మా దేవుడు అంటడింకొకడు. సౌదీల, దమ్మామ్‌ల ఉన్న ముజీబైతే సారు ఫోటో చూసి డ్యూటీల ఏడ్చినడంట. ఏడ్వనీ.

సారును కండ్ల చూడనోళ్లు గూడ రాస్తుండ్రు. నాగర్‌కర్నూలు కాలేజీ పోరగాండ్లంట, 'గిసుంటి మేనేజర్ ఊరికొక్కడుంటే ఇండియా ప్రపంచకప్పు ఆడేది' అని. ఎవరో ఫారిన్ మేనేజర్ కోటు తొడుక్కొని గీత కాడ నిలబడి ఉంటే, ఆయన పక్కన మన సారు బొమ్మ అతికిచ్చిన్రు. లుంగీ మీదున్న ఫోటో! కింద 'ఇద్దరు లెజెండ్లు' అని.

రిటైరైన కొత్తల బజార్ల సలాం పెట్టేటోడు లేక, గ్రౌండు గోడ మీద ఒక్కడే కూసుండెటోడు ఈయన. అప్పుడు నాకు గూడ అయ్యో అనిపిచ్చేది. అబద్ధమెందుకు.

సరే, పొగుడుకోనీ. నాకేం పోయింది? కానీ ఒకడు రాసిండు చూడు, 'మ్యాచు ఉన్న రోజు సార్ మాకు కడుపునిండ బగారన్నం పెట్టెటోడు' అని. సారు పెట్టెనా? ఆ బగోనె కింద పొగల కండ్లు పోగొట్టుకున్నదెవరు? బురద అంగీలు ఉతికిందెవరు? నీ పేరు కోసం నేను మొదటికెళ్లి కడదాంక ఎతికినమ్మా. 'అమ్మ' అని ఒక్క ముక్క లేదు. మున్నీబీ అన్న మనిషి పుట్టనే లేదు అండ్ల.

నవ్వుతున్నవా? నవ్వు.

అసలు కథ అది గాదు. ఆ గుంపుల అన్నిటికంటె పేరొచ్చిన ముచ్చట ఒకటున్నది. మూట ముచ్చట. నీకు తెల్వనిదా? తెలుసు. అయినా వాళ్లు రాసిన తీరు చెప్త, విను.

నాగర్‌కర్నూలుల సెమీఫైనలంట. వానంట. మగపిల్లలంత బనీన్ల మీద వణుక్కుంట గోడకు కూసున్నరంట. నంబరున్న అంగీ లేంది ఆడనియ్యరు, టీముకు ఉన్నదేమో ఒక్కటే జత. ఇగ ఆట పోయినట్టే అనుకుంటుంటే, లారీల నుంచి సారు దిగిండంట. నెత్తి మీద మూట. తను ముద్ద ముద్ద తడిసిండంట గానీ మూట మీద చుక్క నీళ్లు పడనియ్యలేదంట. ఇప్పితే ఏముంది? అంగీలు! ఇస్త్రీ చేసినట్టు మడతపెట్టి! తొడుక్కున్నరు, ఆడిన్రు, గెలిచిన్రు, కప్పు తెచ్చిన్రు. దాని కింద కామెంట్లే కామెంట్లు. 'మగాడంటే సార్', 'మూటల మా తలరాత తెచ్చిండు'. చదువుతుంటే నా పండ్లు నలిగినయి.

ఎవ్వడు అడగడమ్మా, ఎవ్వడు. ఆ అంగీలు యాడికెళ్లి వచ్చినయిరా అని ఒక్కడు అడగడు. చెట్టుకు కాసినయా?

ఆ జత ముందు మా ఆడపిల్లల టీము ఒంటి మీద ఉండె. మగపిల్లలు ఇడిచినంక మేం తొడుక్కునేది. వాళ్ల చెమట వాసన నువ్వు ఎంత ఉతికినా పోకపోయేది. అయినా తొడుక్కుంటే ఎంత సంబురమో! పావడాలు కట్టుకునేటోళ్లం, వీపు మీద నంబరుతోని ఉరుకుతుంటే... పోనీ. అది వేరే.

వనపర్తిల మా ఫైనల్ శనివారం అయిపోవాలె. అయిపోతే అంగీలు వాళ్లకు పోవాలె. అట్లనే అనుకున్నరు. కానీ వానపడె. గ్రౌండుల నీళ్లు నిలిచి మా ఆట తెల్లారికి జరిపిన్రు. వాళ్లదీ అదే రోజు, ఆడ నాగర్‌కర్నూలుల. ఇద్దరికి ఒకటే జత.

ఇప్పుడు చెప్పు. న్యాయంగ మాది ఫైనల్. వాళ్లది ఇంకా సెమీఫైనల్. మా ఆట చూసేటందుకు హైదరాబాద్ నుంచి స్పోర్ట్స్ హాస్టలోళ్లు వచ్చి కూసున్నరు. ఒక్క పిల్లను తీసుకుంటమన్నరు. ఆ ఒక్కతె ఎవరో మాకందరికి తెలుసు. జమ్ములమ్మ. అది బంతి తీసుకొని పోతుంటే వెనుకవడ్డోళ్లే గానీ పట్టుకున్నోళ్లు లేరు.

సారు ఏం చెయ్యాలె? మేనేజర్ గద. యాడన్న అడిగి తేవాలె. వనపర్తి కాలేజోళ్ల కాడ ఇంకో జత లేకుండెనా? అడగాలె. ఆడపిల్లల కోసం ఇంకొకని గడప తొక్కాల్నా? నామోషి!

మరి ఏం జేసిండు? నువ్వు చెప్తవా, నన్ను చెప్పమంటవా?

మేం దిగిన బడిల, కిటికీలకు ఆరేసినం అంగీలు. పొద్దుగాల నువ్వు వచ్చినవు. "ఇయ్యిండ్రి బిడ్డా, ఇస్త్రీ చేపిచ్చుకొస్త, ఫైనలు గద, మంచిగుండాలె" అన్నవు. ఎవరన్న గుంజుకున్నరా మా కాడ? లేదు. మేమే ఇచ్చినం. దులిపి, మడతపెట్టి, నంబర్ల వరుసల పేర్చి నీ చేతుల పెట్టినం. జమ్ములమ్మ తన అంగీకి గుండీ ఊడిందని సూది దారం అడిగి అప్పటికప్పుడు కుట్టి మరీ ఇచ్చింది.

సారు అడిగితే ఇయ్యకపోదుమేమో. నువ్వడిగినవు గాబట్టి ఇచ్చినం.

అసలు నువ్వెందుకొచ్చినవు మాతోని వనపర్తికి? యాదున్నదా? ఆడపిల్లలను బయటి ఊరు పంపాలంటే తోడు ఆడమనిషి ఉండాలె అని మా అమ్మలు పట్టుబట్టిన్రు. నువ్వు వస్తున్నవంటేనే పంపిన్రు. సారును చూసి కాదు. నిన్ను చూసి.

మధ్యాహ్నం దాంక చూసినం. నువ్వు ఉత్త చేతులతోని వచ్చినవు. "వస్తయి, వస్తయి" అన్నవు. అవతలోళ్లు ఎర్రంగీలేసుకొని గీత మీద నిలబడ్డరు. మేం లంగాఓణీల మీద గట్టున నిలబడ్డం. ఈల ఊదిన్రు. ఆడకముందే ఓడిపోయినమని కాయితం మీద రాసుకున్నరు. నువ్వు గోడ దిక్కు తిరిగి, కొంగు మొఖం మీదికి గుంజుకున్నవు. హాస్టలోళ్లు కుర్చీలల్ల నుంచి లేసి పోయిన్రు.

ఊర్ల ఏమన్నరో తెలుసా? 'ఆడపోరిలకు ఆటలెందుకు, బట్టలే పోగొట్టుకొచ్చిన్రు' అని నవ్విన్రు. జమ్ములమ్మ నాయిన దాన్ని మళ్ల గ్రౌండు దిక్కు పోనియ్యలే. ఆ ఎండకాలమే లగ్గం చేసిండు. ఇప్పుడు పూనేల ఉన్నది. బిల్డింగులకు ఇటుకలు మోస్తది. మొన్న పీర్ల పండుగకు వచ్చింది. ఆ కాళ్లే అమ్మా, ఆ కాళ్లే, నెత్తి మీద ఇటుకల పలకతోని మెట్లెక్కుతున్నయి.

ఏమో, ఆడితే ఏమైతుండెనో! ఓడిపోతుంటిమేమో. ఓడిపోనీ. ఆడి ఓడిపోతుంటిమి.

సరే, ఆ పాత గోసంత ఎందుకు తీస్తున్న అంటవా? నేను తియ్యలే. ఎవరో తీసిన్రు! ఆ పొగడ్తల నడుమ, ఆ మూట ముచ్చట కింద, పేరు లేకుండ ఒక్కరు రాసిన్రు. నాకు నోటికొచ్చింది, చెప్పాల్నా?

'ఆ మూట సార్ యాడికెళ్లి తెచ్చిండో అడగండి. వనపర్తిలో అదే రోజు ఫైనల్ ఆడాల్సిన ఆడపిల్లలను మోసం చేసి తీసుకున్న బట్టలవి. ఎర్రంచు దుప్పటిలో కట్టినవి.'

అంతే. ఇగ చూడు, ఎన్ని తిట్లో! లంజ అన్నరు, దొంగ అన్నరు. తండ్రి లాంటి సారు మీద బురద చల్లేదానికి ముక్కు కోయాలె అన్నరు. ఏడ్చిన ముజీబే రాసిండు ఆ ముక్కు ముచ్చట! రాసింది ఆడదని వాళ్లకెవరు చెప్పిన్రు? ఎవరు చెప్పాలె! నిజం చెప్పిన్రంటే ఆడదే అయ్యుంటదని వాళ్లకే తోచింది.

మా టీముల ఊర్ల మిగిలింది నేనొక్కదాన్నే. మిగతోళ్లు యాడోళ్లాడ పోయిన్రు. ఇగ నా మీదికే వచ్చింది. సతీష్ సారు పిలిచి కుర్చీల గూడ కూసోమనలే. "ఆదివారం గ్రౌండుల సారుకు సన్మానం. గుంపోళ్లంత వస్తరు. నువ్వు స్టేజీ ఎక్కి, మైకుల మాఫీ అడిగి, నీ చేతులతోనే సారుకు శాలువా కప్పు. లేదంటే సోమవారం బడికి రాకు" అన్నడు.

నౌకరి పోతే పోనీ అనుకుందునమ్మా. కూలిజనం పుట్టుక, ఏదో ఒకటి చేసుకొని బతుకుత. కానీ నేను ఆడిపిచ్చే ఆడపిల్లలో? ఇప్పుడిప్పుడే టీము కుదిరింది. వాళ్ల అమ్మలు గూడ గదే మాట, "ఆడ సారమ్మ ఉన్నదని పంపుతున్నం" అని. నా జాగల మగ సారొస్తే తెల్లారి ఒక్క పిల్ల రాదు. నా టీముల ఒకటే కాయిద, ఒకటే రూలు. ఎవరి అంగీ వాళ్లింట్లనే ఉండాలె. వాళ్లే ఉతుక్కోవాలె. ఇస్త్రీ చేస్త ఇయ్యమని దేవుడే దిగివచ్చి అడిగినా ఇయ్యొద్దు. ఎందుకు టీచర్ అని అడుగుతరు. నవ్వి ఊకుంట.

నీ చెయ్యి ఆగిందేమమ్మా? ఒలువు, ఒలువు. నేను ముచ్చట పెడుతున్న అంతే.

రాత్రంత ఆలోచన చేసిన. ఆ ముక్క ఎవరు రాసుంటరు? 'ఎర్రంచు దుప్పటి' అని ఉన్నది గద. నేను ఆ దుప్పటి చూసిందే లేదు! మేం అంగీలు నీ చేతుల పెట్టినం. నువ్వు దేంట్ల కట్టినవో మాకు తెల్వదు. మగపిల్లలు మూట చూసిన్రు, దుప్పటి చూసిన్రు. సతీష్ సారే అన్నడు, "దుప్పటి మాత్రం నిజమే, ఎర్రంచుదే" అని. కానీ మా ఆట ఆగబెట్టి తెచ్చినయని వాళ్లకు తెల్వదు. ఆడపిల్లల ఆట అయిపోయిందని చెప్పిండంట సారు. మరి రెండూ తెలిసినోళ్లెవరు? దుప్పటి తెలిసి, బట్టలు ఎట్ల వచ్చినయో గూడ తెలిసినోళ్లు?

ఇద్దరే. ఒకరు లోపల కూసొని తన ఫోటో చూసుకొని నవ్వుతుండు.

ఇంకొకటి చెప్తనమ్మా. ఆ గుంపుల అందరు తెలుగును ఇంగ్లీషు అక్షరాలల్ల గెలుకుతరు. అది ఒక్కటే తెలుగు అక్షరాలల్ల ఉన్నది. ఒక్క తప్పు లేకుండ, చుక్క కాడ చుక్క, శుభలేఖ లెక్క. మీ బిడ్డ జబీన్ ఇంట్ల పెండ్లికార్డులు కొడుతది గద, గీ కంప్యూటర్ మీదనే. దాని కాన్పప్పుడు పేర్లన్ని నువ్వే కొట్టినవంట. మా పక్కింటోళ్ల కార్డు చూపిచ్చి 'మున్నీబమ్మ కొట్టింది' అని మురిసిన్రు.

ఆయన నమాజుకు పోయినప్పుడు రాసినవా?

... నేను నిన్ను నెత్తిన పెట్టుకునేటందుకు రాలే. ఏడ్వకు. నీ ఏడుపు చూస్తే నాకు ఆ గోడ యాదికొస్తది. ఒక్కటే అడుగుత, జవాబు చెప్పు. పొద్దుగాల మా కాడికొచ్చి "ఇయ్యిండ్రి బిడ్డా" అన్నప్పుడు, నీకు తెలుసా? ఆ అంగీలు ఇస్త్రీకి పోతలేవని నీకు తెలుసా, తెల్వదా?

తల అటు తిప్పితే కాదు.

తెలుసు.

తెలిసే అడిగినవు. తెలిసే 'వస్తయి, వస్తయి' అన్నవు. ఊఁ.

భయపడ్డననకు. భయపడ్డవని నాకు తెల్వదా? సారు చెయ్యి ఎంత బరువో మేం గూడ చూసినం. ఒకసారి అన్నంల ఉప్పెక్కువైతే, పిల్లలందరి ముంగల, పళ్లెం ఎట్ల ఇసిరేసిండో... అది గుంపుల ఎవడు రాయడు గద! అందరు చూసినోళ్లే. బగారన్నం రుచి యాదున్నది, పళ్లెం చప్పుడు యాదికిలేదు.

ఏందీ? నువ్వా? స్టేజీ మీదికా? నువ్వొచ్చి చెప్తవా రాసింది నేనని?

కూసో అమ్మా. చెప్పినంక యాడికి పోతవు? రాజోలిల మీ అన్న ఇంటికా? మీ వదిన ఎన్ని రోజులు పెడుతది అన్నం? మోకాళ్లు లెవ్వవు నీకు. వాళ్లు ముక్కు కోస్తమన్నది ఎవరినో తెల్వక. మేనేజర్ సాబ్ పెండ్లామే అని తెలిస్తే మతి చెడింది అంటరు. మందులు మింగిస్తరు. నీ మాట నిజమని మాత్రం ఒక్కడనడు.

అదీగాక, అయిపోయింది. ఆలస్యమైంది.

పొద్దుగాల ఇటొచ్చేముందే సతీష్ సారు కాడికి పోయిన. "రాసింది నేనే" అన్న.

గట్ల చూడకు. నీ కోసం కాదు. చెప్త విను, ఎవ్వరికి చెప్పలే ఇది. ఇంటర్నెట్ సెంటర్ల ఆ ముక్క మొదటిసారి చదివినప్పుడు నాకు సంతోషం గాలే అమ్మా. కుళ్లొచ్చింది. ఓడిపోయింది నేను, నవ్వులపాలైంది నేను, మాట మాత్రం ఇంకొకరు రాసిన్రు. అది నేను రాయాల్సిన ముక్క. రాత్రి నువ్వే అని ఎరుకైనంక, మా దగ్గరనుంచి అంగీలు తీసుకపోయినవు, ఆఖరికి ఆ మాట గూడ నువ్వే తీసుకున్నవా అనిపిచ్చింది. గందుకే నాదే అని చెప్పిన. అది నాకియ్యి. ఇగ అది నాది.

నిన్ను మాఫ్ చేసిన అనుకుంటున్నవేమో. చెయ్యలే.

మైకు గూడ పట్టుకుంట. మాఫీ అడగ. సోమవారం నౌకరి ఉండదు, ఎరుకే. పోనీ, గ్రౌండు సర్కారుది, సతీష్‌ది కాదు. పొద్దుగాల పిల్లలను నేను ఆడనే ఆడిపిస్త. వచ్చినోళ్లే వస్తరు. వాళ్ల అంగీలు వాళ్ల పెట్టెలల్ల ఉన్నయి, మూటగట్టేటోడు లేడు.

శాలువా ముచ్చట గూడ మాట్లాడి వచ్చిన. "శాలువా నేనే తెస్త, మీరు కొనకుండ్రి" అన్న. సతీష్ సారు మొఖం ఎట్ల ఎలిగిందో! బుద్ధొచ్చింది అనుకున్నడు.

ఏది అమ్మా ఆ దుప్పటి? పారేసినననకు. ఎర్రంచంటే మీ రాజోలి నేతే, మీ అమ్మ ఇచ్చిందే అయ్యుంటది. పారేసేదానివి గాదు నువ్వు. అగో, పెట్టె మీద పరిచింది అదేనా? ఎర్రంచు ఎల్సిపోయింది గానీ గట్టిగనే ఉన్నది. చాలు. సారు భుజాలకు సరిపోతది. మగపిల్లలంత ముంగట్నే కూసుంటరు. మూట ఇప్పినోళ్లు వాళ్లే గద, గుర్తుపట్టకపోతరా? నేను మైకుల పెద్దగ చెప్పే అక్కర గూడ లేదు.

తీస్తున్నవా? మడత వద్దు, మూట లెక్కనే. నేను చెయ్యిపెట్ట, నువ్వే కట్టియ్యి. నీకలవాటే గద.

ముడి జర గట్టిగ ఎయ్యి అమ్మా. ఆ పొద్దు వనపర్తిల ఎంత గట్టిగ ఏసినవో, గంత గట్టిగ.